గాత్రం పాడేవారు గొంతు కాపాడుకోవడం ఎలా?

గొంతు బాగుండాలంటే ఏం తినాలి, ఏం తాగాలి అని అడిగే గాయకులే ఎక్కువ. కరక్కాయ ముక్క, మిరియాల పాలు, అతిమధురం, తమలపాకులో చుట్టిన లవంగం... ఈ జాబితా సంగీతం ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. రోజుకు ఎంతసేపు మాట్లాడుతున్నారు, ఎంత రొదలో మాట్లాడుతున్నారు అని అడిగితే మాత్రం ఆలోచనలో పడతారు. విజయవాడలోనూ గుంటూరులోనూ కర్ణాటక సంగీతం పాడేవారిలో చాలామందికి అదొక్కటే వృత్తి కాదు. పగలంతా బడిలో పాఠాలు చెప్పో, బ్యాంకు కౌంటరులో మాట్లాడో, సాయంత్రం ఇంటికొచ్చి శ్రుతిపెట్టె ముందు కూర్చుంటారు. అప్పటికే గొంతు సగం ఖర్చయిపోయి ఉంటుంది. మిగిలిన సగంతో వర్ణం మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో పాడాలని చూస్తారు. నేను చూసినంతలో గొంతులు చెడేది ఇక్కడే. అందుకని ముందు మాట సంగతి, ఆ తరవాతే పాట సంగతి చెబుతాను.

లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలుసుకోండి

స్వరపేటికలో రెండు స్వరతంత్రులు ఉంటాయి. పెద్దవారిలో వాటి పొడవు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల చిల్లర. లోపలి నుంచి వచ్చే గాలికి అవి దగ్గరపడుతూ విడిపోతూ కంపిస్తాయి. శ్రుతి అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే 'స' ఎత్తు. ఒకటో శ్రుతిలో పాడే మగవారు మధ్య స్థాయి షడ్జం ('స') పట్టుకుంటే సెకనుకు సుమారు 131 సార్లు, అయిదున్నర శ్రుతిలో పాడే స్త్రీలు అదే షడ్జం పట్టుకుంటే సుమారు 208 సార్లు ఆ రెండూ తాకుతాయి. తార షడ్జానికి, అంటే పై 'స'కు వెళితే సంఖ్య రెట్టింపవుతుంది. గంట సాధకంలో అరగంటే గొంతు పలికిందనుకున్నా, స్త్రీల విషయంలో లెక్క అయిదు లక్షలకు అటూ ఇటూగా తేలుతుంది. ఇన్ని తాకిళ్లను ఓర్చుకునే బలం వాటి పైనున్న మెత్తని తడి పొరది. ఆ పొర ఎండినా, వాచినా మొట్టమొదట పోయేది తార స్థాయిలో సన్నగా పాడే శక్తి. గట్టిగా పాడితే ఆ లోపం కప్పబడిపోతుంది. చాలామందికి గొంతు దెబ్బతిన్న సంగతి నెలల తరవాత తెలియడానికి కారణం ఇదే.

ఇంకొక్క మాట. మనం తాగిన కషాయం స్వరతంత్రుల మీదుగా పోదు. మింగేటప్పుడు స్వరపేటిక పైన ఒక మూత వాలుతుంది, తంత్రులు గట్టిగా మూసుకుంటాయి, మింగినదంతా వెనకనున్న ఆహారనాళంలోకి దిగుతుంది. చుక్క దారి తప్పినా పొలమారి ఉక్కిరిబిక్కిరి అవుతాం. కరక్కాయ బుగ్గన పెట్టుకుంటే లాలాజలం ఊరుతుంది, మాటిమాటికీ మింగుతాం, గరగర తగ్గినట్టు అనిపిస్తుంది. మిరియాల పాలు నొప్పిగా ఉన్న గొంతుకు హాయిగా ఉంటాయి. ఆ మేరకు వాటిని వాడుకోండి, నేను కాదనను. అరిగిపోయిన గొంతును అవి నిలబెడతాయని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. అతిమధురం రోజూ ఎక్కువగా నమిలితే రక్తపోటు పెరుగుతుంది. బీపీ ఉన్నవారు దాని జోలికి పోకపోవడమే మేలు.

మొదటి పని: మాటను పొదుపు చేయండి

ఒక వారం పాటు గమనించండి. మీ గొంతు ఎక్కడెక్కడ పెద్దదవుతోంది? వంటింట్లో మిక్సీ తిరుగుతుండగా హాల్లో ఉన్నవారికి వినిపించేలా కేకేస్తున్నారా? విజయవాడ బస్టాండులో ఎక్కి గుంటూరులో దిగేదాకా పక్క సీటువారితో కబుర్లు చెబుతున్నారా? బెంజి సర్కిల్ దగ్గర బండి మీద వెళుతూ ఫోను మాట్లాడుతున్నారా? చుట్టూ మోత ఉంటే మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం. ఎంత పెంచామో మన చెవికి తెలియదు, ఎందుకంటే మోతలో మన గొంతు మనకే సరిగా వినబడదు. దీనికి మందు లేదు. మోతలో మాట్లాడకపోవడమే మార్గం. మిక్సీ ఆపి పిలవండి, లేదా లేచి వెళ్లి చెప్పండి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని కళ్లు మూసుకోండి, కబుర్లు దిగాక చెప్పుకోవచ్చు. పెళ్లి పందిట్లో లౌడ్‌స్పీకరు పక్క కుర్చీ ఎంత గౌరవంగా చూపించినా అందులో కూర్చోకండి.

బడిపంతుళ్లకూ సంగీతం మాస్టార్లకూ ప్రత్యేకంగా చెప్పాలి. నలభై మంది పిల్లల తరగతిలో నడుముకు కట్టుకునే చిన్న మైకు వాడడం నామోషీ కాదు. ఆ పరికరం పెద్ద ఖరీదు కూడా ఉండదు. సంగీతం నేర్పేవారయితే ప్రతి పిల్లతోనూ గొంతు కలిపి పాడే అలవాటు మానుకోండి. పాటలోని సంగతి ఒకసారి పాడి చూపించి, పిల్లను పాడమని మీరు వినండి. మీరు కూడా పాడుతుంటే ఆ పిల్ల ఎక్కడ శ్రుతి తప్పిందో మీకు వినబడదు కూడా. వీణో వయొలినో వచ్చినవారయితే వాయించి చూపించండి. సాయంత్రం మూడు బ్యాచులు ఉంటే మధ్యలో పది నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకుండా ఉండే ఏర్పాటు చేసుకోండి. ఆ పది నిమిషాలను ఫీజుల గురించి అడిగే తల్లిదండ్రులు ఆక్రమిస్తారు. వారికి వాట్సాప్ ఉంది.

గొంతు సవరించుకోవడం ఇంకొక చెడ్డ అలవాటు. 'ఖం' అన్న ప్రతిసారీ తంత్రులు బలంగా ఒకదానికొకటి కొట్టుకుంటాయి. దానికి ఊరిన కఫం మళ్లీ సవరించమంటుంది, అలా వలయం సాగుతుంది. అనిపించినప్పుడల్లా ఒక గుక్క నీళ్లు తాగండి, లేదా ఉత్తినే మింగండి. తప్పదనుకుంటే నోరు తెరిచి చప్పుడు లేకుండా 'హ' అని గాలి వదిలి, ఆ తరవాత మింగండి. వారం పది రోజుల్లో అలవాటు తప్పుతుంది. గొంతు బాగోలేనప్పుడు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి దొరుకుతుందనుకోవడం కూడా పొరపాటే. బలవంతపు గుసగుసకు గొంతు కండరాలు బిగుసుకుంటాయి. మాట్లాడాల్సి వస్తే మెల్లగా, మామూలు గొంతుతో, దగ్గరికి వెళ్లి నాలుగు ముక్కలు చెప్పండి.

రెండో పని: మీ శ్రుతి మీదేనా అని చూసుకోండి

చాలామంది శ్రుతి వారు ఎంచుకున్నది కాదు. గురువుగారిదో, పక్కన పాడే స్నేహితురాలిదో, పదేళ్ల వయసులో పెట్టినదో అలాగే కొనసాగుతూ ఉంటుంది. పరీక్ష సులువు. పొద్దున్న, గొంతు బాగున్న రోజు తంబూరా పెట్టుకుని మంద్ర పంచమం (కింది 'ప') నుంచి తార పంచమం (పై 'ప') దాకా ఆకారంలో, అంటే 'ఆ' అంటూ, మెల్లగా వెళ్లి రండి. కింద పంచమం గాలిగా, వినీ వినబడనట్టు పోతుంటే శ్రుతి మీకు తక్కువ. పైన గాంధారం దాటగానే మెడ నరాలు తేలి, గడ్డం పైకి లేస్తుంటే శ్రుతి మీకు ఎక్కువ. అర శ్రుతి మారిస్తే చాలు, ఏళ్ల తరబడి ఉన్న ఇబ్బంది తీరిపోయిన వారున్నారు. ఎక్కువ శ్రుతిలో పాడితే సభ రక్తి కడుతుందన్న భ్రమ మైకులు లేని రోజుల నుంచి వచ్చింది. ఇప్పుడు మైకు ఉంది.

సాధకంలో తంబూరా పెట్టె ధ్వని మీ గొంతు కంటే తక్కువగా ఉండాలి. చెవులు దద్దరిల్లేలా పెట్టుకుంటే దాన్ని మించాలని గొంతు తోసుకుపోతుంది. సీలింగు ఫ్యాను టపటపలాడుతున్న గదిలోనూ ఇదే జరుగుతుంది.

మూడో పని: ఎండ, దుమ్ము, ఘాటు

బెజవాడ ఎండల గురించి బెజవాడవారికి చెప్పనక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిన రోజుల్లో చెమటగా పోయిన నీరు తిరిగి చేరకపోతే తంత్రుల మీది తడి చిక్కబడుతుంది, పైస్థాయిలో గొంతు రాసుకున్నట్టు ఉంటుంది. కచేరీకి అయిదు నిమిషాల ముందు లీటరు నీళ్లు తాగి లాభం లేదు. ఆ నీరు కడుపులో చేరి, రక్తంలో కలిసి, తంత్రుల దాకా రావడానికి సమయం పడుతుంది. పొద్దుటి నుంచి కొంచెం కొంచెంగా తాగుతూ ఉండాలి. ఎన్ని లీటర్లు అన్న లెక్క కంటే మూత్రం లేత రంగులో ఉందా లేదా అని చూసుకోవడం నమ్మకమైన కొలత. మజ్జిగ, కొబ్బరినీళ్లు మంచివే. కిడ్నీ, గుండె జబ్బులున్నవారు నీళ్ల విషయంలో డాక్టరు చెప్పిన హద్దులోనే ఉండాలి.

చన్నీళ్లు తాగితే గొంతు పోతుందా, పెరుగు మానాలా, అరటిపండు తినకూడదా అని అడుగుతారు. ఇవి అందరికీ ఒకేలా వర్తించవు. పెరుగన్నం తిని గంటల తరబడి పాడేవారున్నారు, గుక్కెడు ఐసు నీళ్లకే గొంతు బిగుసుకునేవారూ ఉన్నారు. మీకు పడనిదేదో మీరు కనిపెట్టి, కచేరీకి ముందు రోజు దాన్ని పక్కన పెట్టండి. ఇంకొకరి నియమాలు మీ మీద వేసుకోకండి.

గుంటూరులో ఇంకొక బెడద ఉంది. మిర్చి సీజనులో యార్డు చుట్టుపక్కల, గోదాముల దారిలో గాలిలోనే ఘాటు ఉంటుంది. దగ్గు రానివారు ఉండరు. దగ్గు తెరలు తెరలుగా వస్తే తంత్రులకు గట్టి దెబ్బ. ఆ దారిన వెళ్లక తప్పకపోతే మాస్కు పెట్టుకోండి, ఇంటికి రాగానే ముక్కు శుభ్రం చేసుకోండి. ఉప్పు నీళ్లతో ముక్కు కడుక్కునే అలవాటు ఉన్నవారు తప్పకుండా కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి, కుళాయి నీళ్లు పనికిరావు. ఇంట్లో తాలింపు ఘాటుకు కూడా ఇదే సూత్రం. ఎండుమిర్చి వేయించే వేళకు సాధకం పెట్టుకోకండి.

ఆవిరి పట్టడం మంచి పద్ధతే, ఎందుకంటే ఆవిరి మాత్రం నిజంగా తంత్రుల దాకా వెళుతుంది. వేడి నీళ్లు చాలు. అందులో ఘాటైన బామ్ కలిపితే కళ్లలో నీళ్లు తిరగడం తప్ప తంత్రులకు ఒరిగేది లేదు, పైగా మంట. గిన్నెకు మరీ దగ్గరగా ముఖం పెట్టకుండా అయిదారు నిమిషాలు, ముక్కుతోనూ నోటితోనూ నెమ్మదిగా పీల్చండి.

నాలుగో పని: పొద్దున్న పరీక్ష, ఆ తరవాత సాధకం

తెల్లవారుజామున లేచి సాధకం చేయడం మన సంప్రదాయం. చల్లగా, నిశ్శబ్దంగా ఉంటుంది, మనసు నిలుస్తుంది. అయితే నిద్ర లేచిన వెంటనే తంత్రులు కాస్త ఉబ్బి ఉంటాయి. పక్క దిగిన అయిదో నిమిషంలో తార స్థాయి అందుకోకండి. కనీసం అరగంట గడవనివ్వండి.

కూర్చోగానే ఒక చిన్న పరీక్ష. నోరు చిన్నగా తెరిచి 'ఊ' అని, పక్క గదిలో నిద్రపోతున్న పసిబిడ్డ లేవనంత సన్నగా, మధ్యమ పంచమాల నుంచి ఒక్కొక్క స్వరం పైకి ఎక్కండి. ధ్వని పెంచకూడదు, అదే ముఖ్యం. గొంతు బాగున్న రోజు మీరు ఏ స్వరం దాకా వెళ్లగలరో గుర్తుంచుకోండి, తార గాంధారమో మధ్యమమో. ఏదో ఒక రోజు తార రిషభం దగ్గరే ముందు గాలి వచ్చి తరవాత స్వరం పలికిందనుకోండి, లేదా స్వరం ముక్కలైందనుకోండి. తంత్రులు వాచి ఉన్నాయని అర్థం. ఆ రోజు గట్టి సాధకం పెట్టుకోకుండా, పాఠం మనసులో చదువుకోండి, తాళం వేసుకుంటూ సాహిత్యం వల్లె వేయండి, కొత్త కీర్తనకు స్వరం రాసుకోండి. మర్నాటికి మామూలుగా ఉంటే సరే. నాలుగైదు రోజులైనా రాకపోతే మాట, పాట రెండూ తగ్గించాలి. ఇంతకంటే ఉపయోగపడే పరీక్ష ఇంట్లో చేసుకునేది మరొకటి నాకు తెలియదు. రెండు నిమిషాల పని.

ఇక గొంతు పదును పెట్టడం. మెడ, భుజాలు వదులు చేసుకున్నాక, పెదవులు మూసి 'మ్' అంటూ మధ్య షడ్జం నుంచి పంచమం దాకా మెల్లగా జారుతూ వెళ్లి రండి. పెదవుల దగ్గర, ముక్కు పక్కన సన్నని కంపనం తెలియాలి, గొంతు దగ్గర ఒత్తిడి తెలియకూడదు. ఆ తరవాత గ్లాసు, స్ట్రా తీసుకోండి. సగం గ్లాసు నీళ్లలో స్ట్రా కొన సుమారు రెండు సెంటీమీటర్లు మునగాలి. పెదవులతో గాలి బయటికి పోకుండా స్ట్రాను పట్టుకుని 'ఊ' అని పాడుతూ ఊదండి. బుడగలు ఒకే తీరుగా, తెంపు లేకుండా రావాలి. ఒక్కసారిగా నీళ్లు ఎగిరితే గాలి ఎక్కువ తోస్తున్నారు, మధ్యలో ఆగిపోతే గొంతు బిగిస్తున్నారు. షడ్జం నుంచి పంచమం, పంచమం నుంచి తార షడ్జం, తిరిగి కిందికి. నోటి ముందు అడ్డు ఉండడంతో గాలి ఒత్తిడి వెనక్కి వచ్చి తంత్రులను కాస్త ఎడంగా ఉంచుతుంది, అవి తక్కువ దెబ్బతో కంపిస్తాయి. అయిదు నిమిషాలు చేసి చూడండి. వెంటనే ఆకారంలో సరళి పాడితే గొంతు తేలిగ్గా కదలడం మీకే తెలుస్తుంది. మన పాత పద్ధతుల్లో ఈ స్ట్రా లేదు కనుక కొందరు గురువులు నవ్వుతారు. నవ్వనివ్వండి.

సాధకం క్రమం పెద్దలు పెట్టినదే సరైనది: సరళి స్వరాలు మొదటి కాలంలో, ఆ తరవాతే జంటలు, దాటులు, అలంకారాలు. జంట స్వరాల్లో రెండో స్వరాన్ని నొక్కమంటారు. ఆ నొక్కు పొట్ట నుంచి వచ్చే గాలితో రావాలి. గొంతు మూసి కొట్టినట్టు వస్తే రోజుకు వందల దెబ్బలు తంత్రుల మీదే పడతాయి. బొడ్డు మీద చెయ్యి పెట్టుకుని పాడండి. నొక్కిన ప్రతిసారీ చేతి కింద చిన్న కదలిక ఉంటే సరిగా చేస్తున్నట్టు. మంద్ర సాధకం గొంతుకు గంభీరత ఇస్తుందని అందరూ చేస్తారు, మంచిదే. అయితే మీ గొంతు పలకని మంద్ర మధ్యమాన్ని గడ్డం కిందికి నొక్కి, గరగరలాడించి పలికించకండి. అది సాధకం కిందికి రాదు.

ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకొకసారి ఆపండి. ఆపినప్పుడు ఫోను చేతిలోకి తీసుకుని మాట్లాడడం మొదలుపెడితే ఆపినట్టు కాదు. తానం, వేగమైన కల్పన స్వరాలు, తార స్థాయి నెరవు వంటి బరువైన పనులు గొంతు పదునెక్కాక, అలసిపోకముందు, అంటే సాధకం మధ్యలో పెట్టుకోండి. చివరన మళ్లీ 'మ్' అంటూ రెండు నిమిషాలు కిందికి జారి ముగించండి.

అయిదో పని: రాత్రి భోజనం

గుంటూరులో ఉండి కారం తినవద్దని చెప్పేంత ధైర్యం నాకు లేదు, అవసరమూ లేదు. సమస్య కారం కంటే వేళది. కచేరీ ముగిసి, అందరినీ పలకరించి, రాత్రి పదిన్నరకు పులిహోర, బజ్జీలు, ఆవకాయ అన్నం తిని పదకొండుకు పడుకుంటే, కడుపులోని ఆమ్లం పడుకున్న శరీరంలో సులువుగా పైకి ఎగదన్ని స్వరపేటిక వెనక భాగాన్ని తాకుతుంది. ఛాతీలో మంట లేకుండా కూడా ఇది జరుగుతుంది. పొద్దున్న గొంతు బొంగురుగా ఉండి పదింటికి తేలడం, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు అనిపించడం, ఎంత మింగినా కఫం పోకపోవడం, ఇవి దాని గుర్తులు. వీటిని జలుబు అనుకుని ఏళ్లు గడిపేస్తారు.

పడుకోవడానికి కనీసం రెండున్నర, మూడు గంటల ముందు భోజనం ముగించండి. కచేరీ రోజున అది కుదరదు కాబట్టి సాయంత్రమే కొంచెం తిని, రాత్రి ఇడ్లీ లాంటి తేలికైనది కొద్దిగా తీసుకోండి. తలవైపు మంచం కోళ్ల కింద చెక్కలు పెట్టి సుమారు 15 సెంటీమీటర్లు ఎత్తు చేస్తే మంచి ఫలితం ఉంటుంది. రెండు దిండ్లు వేసుకుంటే మెడ మాత్రమే వంగుతుంది, ఉపయోగం లేదు. కాఫీ మానలేనివారు తగ్గించండి. పొగాకు, సిగరెట్, గుట్కాల గురించి చర్చే లేదు, మానాలి.

ఆరో పని: కచేరీ రోజు

మధ్యాహ్నం కాసేపు పడుకోండి. ఫోన్లు ఇంట్లో ఇంకొకరికి అప్పగించండి. హాలుకు ముందుగా వెళ్లి, ఎక్కడో ఒక మూల గదిలో పదిహేను నిమిషాలు గొంతు పదును పెట్టుకోండి. వేదిక ఎక్కాక మొదటి వర్ణంతో గొంతు పదును పెట్టుకుందామనుకునేవారు ఆ వర్ణాన్నీ పోగొట్టుకుంటారు, గొంతునూ నలుపుకుంటారు.

మైకు చూసుకునేటప్పుడు మొహమాటపడకండి. మీ గొంతు మీకు వినబడేలా ఒక స్పీకరు మీ వైపు తిప్పమని అడగండి. మృదంగం ధ్వని ముంచెత్తుతుంటే దాన్ని తగ్గించమనండి. మీరు వినబడక గొంతు పెంచితే రెండో కీర్తనకే అలసట మొదలవుతుంది. తుమ్మలపల్లి కళాక్షేత్రం లాంటి పెద్ద హాలులోనైనా, వీధి చివర వినాయక చవితి పందిరిలోనైనా గొంతు చివరి వరసకు చేర్చే పని మైకుదే. ఆకాశవాణి ఆడిషనుకు వెళ్లేవారు ఇది మరీ గుర్తుంచుకోవాలి. స్టూడియో మైకు ఊపిరిని కూడా పట్టుకుంటుంది, బలం చూపించనక్కర్లేదు.

పాటల వరస వేసేటప్పుడు గొంతును కూడా లెక్కలోకి తీసుకోండి. తార స్థాయిలోనే చరణం తిరిగే రెండు కీర్తనలు వెంటవెంటనే పెట్టకండి. తని ఆవర్తనం, అంటే మృదంగం వంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే ఘట్టం, జరుగుతున్నంతసేపూ మీకు దొరికిన విశ్రాంతిని పక్కవారితో గుసగుసలకు ఖర్చు చేయకండి. తాళం వేస్తూ గోరువెచ్చని నీళ్లు రెండు గుక్కలు తాగండి. ఏసీ నేరుగా ముఖానికి కొడుతుంటే కూర్చునే చోటు జరపమనండి.

కచేరీ అయ్యాక జనం చుట్టూ చేరతారు. ఆ రొదలో గట్టిగా మాట్లాడడం, పాడినదానికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. నమస్కారం పెట్టి నవ్వండి చాలు. మర్నాడు పొద్దున్న మళ్లీ ఆ సన్నని 'ఊ' పరీక్ష చేసుకోండి.

పుష్య మాసంలో త్యాగరాజ ఆరాధన గోష్ఠిగానం గురించి ఒక మాట. ఆడా మగా అందరికీ కలిపి ఒకే శ్రుతి పెడతారు, అది ఎవరో కొందరికి తప్పక ఇబ్బందవుతుంది. పక్కవారి గొంతులు తప్ప మనది వినబడదు. పాడండి, సందడిలో ఉన్న ఆనందం వేరు. మీకు అందని చోట పెదవులు కదిపి ఊరుకోండి, ఎవరూ పట్టించుకోరు. ఆ సాయంత్రమే మీ కచేరీ ఉంటే మాత్రం వింటూ కూర్చోండి.

ఏడో పని: జలుబు చేసినప్పుడు

ముక్కు కారుతూ గొంతు మామూలుగా ఉంటే మెల్లగా పాడవచ్చు. గొంతే బొంగురుపోయి ఉంటే పాడకూడదు, ఎంత ముఖ్యమైన సభ అయినా సరే. వాచిన తంత్రులతో గట్టిగా పాడితే వాటి మీది సన్నని రక్తనాళం చిట్లే ప్రమాదం ఉంది. ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ లాంటి మాత్రలు రక్తం కారడాన్ని పెంచుతాయి కనుక, గొంతు నొప్పికని కచేరీకి ముందు అవి సొంతంగా వేసుకోకండి. గుండె జబ్బుకు డాక్టరు రాసినవి ఆపమని నా ఉద్దేశం కాదు. జలుబు మాత్రల్లో చాలావాటికి ముక్కు ఆరినట్టే గొంతూ ఆరిపోతుంది. ఆస్తమాకు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడేవారు పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మాలి. కొందరిలో గొంతు బొంగురుకు అదే కారణం. ఉప్పు నీళ్ల పుక్కిలింత గొంతు వెనక నొప్పికి హాయి, తంత్రులను అది చేరదు. పుక్కిలించేటప్పుడు గట్టిగా గరగరలాడించకండి.

స్త్రీలలో నెలసరికి ముందు రోజుల్లో తంత్రులు కాస్త ఉబ్బి, రక్తనాళాలు సున్నితంగా ఉంటాయి. ఆ రోజుల్లో కచేరీ తప్పకపోతే తార స్థాయి పనులు తగ్గించుకోండి.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలి?

బొంగురు రెండు, మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరును కలవండి. పాడుతుండగానో దగ్గుతుండగానో ఒక్కసారిగా గొంతు పోతే వారాలు ఆగకూడదు. ఆ క్షణం నుంచి మాట మానేసి, కాగితం మీద రాసి చూపిస్తూ, వీలైతే ఆ రోజే వెళ్లండి. మింగడం, ఊపిరి తీయడం కష్టమైనా, ఉమ్మిలో రక్తం కనిపించినా, మెడలో గడ్డ తగిలినా అంతే. విజయవాడ, గుంటూరు రెండు ఊళ్లలోనూ ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రుల్లో ఈఎన్‌టీ విభాగాలున్నాయి.

గాయకులమని ముందే చెప్పండి. మీ శ్రుతి, ఏ స్వరం దగ్గర తేడా వస్తోంది, ఎప్పటి నుంచి, రోజుకు ఎంత మాట, ఎంత పాట అన్నవి చీటీ మీద రాసుకుని వెళ్లండి. నోరు తెరిపించి టార్చి వేస్తే తంత్రులు కనబడవు. ఎండోస్కోపుతో చూడాలి. స్ట్రోబోస్కోపీ ఉన్నచోట అయితే కంపనాన్ని నెమ్మదిగా కదులుతున్నట్టు చూడవచ్చు, చిన్న వాపు కూడా దొరుకుతుంది. ఆ వీడియో అడిగి దాచుకోండి. తరవాత పోల్చుకోవడానికి అదే ఆధారం.

రెండు తంత్రుల మీద ఎదురెదురుగా బుడిపెలు వచ్చాయంటే భయపడనక్కర్లేదు. వాటికి మొదటి వైద్యం శస్త్రచికిత్స కాదు, గొంతు వాడే తీరు మార్చే స్పీచ్ థెరపీ. చాలామందికి దానితోనే తగ్గుతాయి. ఒక వైపు వచ్చే పాలిప్ (మెత్తని కండ) కథ వేరు, దానికి ఆపరేషన్ అవసరం పడవచ్చు. ఎవరైనా మొదటి రోజే ఆపరేషన్ అంటే ఇంకొక డాక్టరును కూడా అడగండి.

పిల్లలు, పెద్దవారు

మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఎనిమిదేళ్లకే విజయవాడలో కచేరీ చేశారు. ఆ మాట ఈ ఊళ్లో సంగీతం నేర్పించే ప్రతి తల్లికీ తండ్రికీ తెలుసు. అందుకే ఎనిమిదేళ్ల పిల్లల మీద బరువు పెడతారు. పిల్లల తంత్రులు చిన్నవి, లేతవి. పోటీలకు గంటల తరబడి పాడించడం, మైదానంలో అరిచి వచ్చిన వెంటనే కూర్చోబెట్టడం వద్దు. మగపిల్లలకు పన్నెండు నుంచి పదిహేనేళ్ల మధ్య గొంతు మారుతుంది. ఆ ఏడాది, రెండేళ్లు పాత శ్రుతిలో పాడమని బలవంతం చేయకండి. అందిన స్థాయిలో మెల్లగా పాడనివ్వండి, మిగతా సమయంలో ఏదైనా వాద్యం నేర్పించండి. బాలమురళి గారు వయొలా, వయొలిన్, మృదంగం, కంజీర కూడా వాయించేవారు. గాయకుడికి వాద్యం వస్తే పోయేదేమీ లేదు.

యాభై దాటిన స్త్రీలకు గొంతు కొంచెం కిందికి దిగుతుంది. అర శ్రుతో, ఒక శ్రుతో తగ్గించుకుని హాయిగా పాడండి.

జబ్బు పడి లేచాక తిరిగి మొదలుపెట్టేటప్పుడు

చాలామంది ఇక్కడ తొందరపడతారు. రెండు వారాలు పాడకపోతే ఏదో పోయిందన్న బెంగతో మొదటి రోజే రెండు గంటలు కూర్చుంటారు. మొదటి రెండు రోజులు అయిదేసి నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు, స్ట్రాతోనూ 'మ్' తోనూ మధ్య స్థాయిలో మాత్రమే చేయండి. ఆ తరవాత రెండు రోజులు సరళి, ఒకటో కాలంలో, పది నిమిషాల చొప్పున. వారం తిరిగేసరికి వర్ణం ఒక కాలం. ప్రతి పొద్దున్నా సన్నని 'ఊ' మీ మామూలు స్వరం దాకా వెళుతుంటేనే మరో అడుగు వేయండి, వెళ్లని రోజు అక్కడే ఆగండి. తార స్థాయి నెరవు, తానం అన్నిటికంటే చివర. డాక్టరు గానీ స్పీచ్ థెరపిస్టు గానీ వేరే క్రమం చెప్పి ఉంటే దాన్నే పాటించండి.